కార్డ్ గేమ్స్‌నే వృత్తిగా పెట్టుకుంటే విజయనగరంలో ఉండి బతకగలమా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

సిరిమాను23 (విజయనగరం)

అందరికీ నమస్కారం. బీటెక్ అయ్యింది. కాలేజీ రోజుల నుంచి మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డ్ గేమ్ ఆడుతున్నాను, దాని ఆన్‌లైన్ యాప్ అరీనాలో. అన్నిటికంటే పైదైన మిథిక్ ర్యాంకులో పైవాళ్లలో ఉంటే క్వాలిఫయర్‌కి, అంటే పెద్ద పోటీల అర్హత పోటీకి, పిలుపు వస్తుంది. నాకు అది చాలాసార్లు వచ్చింది. గంటస్తంభం దగ్గర మొబైల్ షాపులో పార్ట్‌టైం పని చేస్తూ రాత్రిళ్లు ప్రాక్టీస్ చేస్తున్నాను.

ఇంట్లో మాత్రం రోజూ గొడవే. నాన్నగారి దృష్టిలో చేతిలో ముక్కలు పట్టుకున్నవాడు ఎవడైనా పేకాటరాయుడే. సంక్రాంతికి తోటల్లో పోలీసులు పట్టుకునేవాళ్లకీ నాకూ తేడా లేదంటారు. పూర్తిగా దీని మీదే రెండేళ్లు పెట్టాలని నా మనసు. దిగేముందు ఇందులో నిజంగా ఉన్న ఇబ్బందులు తెలుసుకోవాలనుకుంటున్నాను. బ్రిడ్జ్, పోకర్, హార్త్‌స్టోన్, ఏ ఆటవాళ్లైనా సరే, దాచకుండా చెప్పండి.

జీడితోట (పలాస)

తమ్ముడూ, నేను హార్త్‌స్టోన్ అనే ఆన్‌లైన్ కార్డ్ గేమ్ పోటీలు సీరియస్‌గా ఆడినవాణ్ణి. ముందు కరెంటు, ఇంటర్నెట్ గురించి చెప్తాను. బయటివాళ్లు ఎవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు.

క్వాలిఫయర్లు మనకు రాత్రిపూట మొదలై తెల్లవారుజాము దాకా సాగుతాయి. కాంక్వెస్ట్ పద్ధతిలో నాలుగు డెక్‌లు (ముందే ఎంచి పెట్టుకున్న కార్డుల కట్టలు) తీసుకెళ్లాలి, ఎదుటివాడు అందులో ఒకటి బ్యాన్ చేస్తాడు, మిగిలిన మూడింటితోనూ గెలవాలి. ఒక్కో టర్నుకి 75 సెకన్లు. టైం అయిపోతుంటే బోర్డు మధ్యలో తాడు కాలుతూ వస్తుంది. మన నెట్ పోయిందంటే ఆ తాడు ఎవరి కోసమూ ఆగదు. ఒకసారి చివరి గేమ్‌లో గెలిచే కార్డు చేతిలోనే ఉంది, రౌటర్ లైట్లు ఆరిపోయాయి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి మళ్లీ లాగిన్ అయ్యేసరికి మూడు టర్నులు ఖాళీగా పోయాయి. అడ్మిన్‌కి స్క్రీన్‌షాట్ పంపితే, కనెక్షన్ ఆటగాడి బాధ్యత అని ఒక్క లైను జవాబు వచ్చింది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. జీడి, కొబ్బరి తోటలు పడిపోయి జనం ఏడుస్తుంటే ఆట గురించి ఆలోచించే మనసు ఎవరికీ లేదు, నాకూ లేదు. కానీ సీజన్ పాయింట్లకు తుఫాను తెలీదు కదా. ఆ నెల పోతే ర్యాంకింగ్ మొత్తం పోయినట్టే.

దానికి నెల ముందే జకార్తా ఆసియా క్రీడల్లో గుజరాత్ కుర్రాడు తీర్థ్ మెహతా హార్త్‌స్టోన్‌లో కాంస్యం తెచ్చాడు. ప్రదర్శన పోటీ కాబట్టి అధికారిక పతకాల పట్టికలో అది కలవలేదు. అయినా ఆ వార్త చదివి మాలాంటివాళ్లం ఎంత పొంగిపోయామో చెప్పలేను. భుజ్ నుంచి ఒకడు వెళ్లగలిగితే పలాస నుంచి ఎందుకు వెళ్లలేం అనిపించింది.

కొండవెలగడ_బార్‌బెల్ (విజయనగరం జిల్లా)

నాకు కార్డ్ గేమ్స్ తెలీవు, మాది వెయిట్‌లిఫ్టింగ్ ఊరు. ఒక్క మాట చెప్పి తప్పుకుంటాను. మా దగ్గర పిల్లవాడు బార్ ఎత్తడం మొదలుపెడితే తర్వాత మెట్టు ఏంటో ఇంట్లో అందరికీ తెలుసు. జిల్లా పోటీ, రాష్ట్రం, నేషనల్స్, క్యాంపు, రైల్వేలోనో ఆర్మీలోనో ఉద్యోగం. కరణం మల్లేశ్వరి గారు 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చాక శ్రీకాకుళం, విజయనగరాల్లో ఆ దారి ఇంకా గట్టిపడింది. అందుకే తల్లిదండ్రులు ధైర్యం చేస్తారు. మీ ఆటలో ఆ మెట్లు ఎక్కడున్నాయి? మీ నాన్నగారు అడుగుతున్నది కూడా ఇదే అయ్యుండొచ్చు.

కళావరు_ఆసు (విజయనగరం)

బాబూ సిరిమాను, నేను రిటైర్డ్ లెక్కల మాస్టారుని, బ్రిడ్జ్ ఆడతాను. పై అబ్బాయి అడిగింది సరైన ప్రశ్న.

2018లో జకార్తాలోనే ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బ్రిడ్జ్ పురుషుల పెయిర్స్‌లో, అంటే జోడీల పోటీలో, స్వర్ణం గెలిచారు. అప్పటికి బర్ధన్ గారి వయసు 60. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టు రజతం తెచ్చింది. అంటే దేశానికి పతకాలు తెచ్చిన పేక ఆట ఇది. ఇందులో పంపకం అదృష్టం కూడా లేదు. డూప్లికేట్ బ్రిడ్జ్‌లో అవే ముక్కలు బోర్డులో పెట్టి పక్క టేబుల్‌కి పంపిస్తారు. అదే చేతితో వాళ్లు ఎంత చేశారు, నువ్వు ఎంత చేశావు అన్నదే లెక్క.

ఒక చేయి చెప్తాను చూడు. మూడు నో ట్రంప్స్ కాంట్రాక్టు, అంటే తురుపు లేకుండా తొమ్మిది పట్లు కావాలి, నా దగ్గర ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదోది ఇస్పేటు రాణి ఎవరి దగ్గర ఉందన్నదాని మీద ఆధారపడింది. ఎడమవైపు ఆయన వేలంలో ఒక్కసారీ నోరెత్తలేదు. ఆట మధ్యలో చూస్తే ఆయన అప్పటికే ఆఠీను ఆసు, డైమను రాజు, కళావరు రాజు చూపించాడు, ఆసుకి నాలుగు, రాజుకి మూడు చొప్పున పది పాయింట్లు. ఆ రాణి కూడా ఉంటే ఇంకో రెండు, మొత్తం పన్నెండు, వేలం తనే మొదలుపెట్టేవాడు. కాబట్టి రాణి కుడివైపు ఉంది. రాణి అటే ఉందన్న లెక్కతో చిన్న ముక్కతో పట్టు లాగాను (దీన్నే ఫినెస్ అంటారు), పట్టు వచ్చింది. ఇదంతా తలలో జరగాలి, మొహం మీద ఏమీ కనపడకూడదు. రోజంతా ఇలా ఆడాక వచ్చే అలసట ఆడినవాళ్లకే తెలుసు.

మరి కష్టం ఏమిటంటే, ఈ ఆటకి పార్టనర్ కావాలి. విజయనగరంలో నాతో కూర్చునే నలుగురిలో అందరూ డెబ్భై దగ్గరివాళ్లు. వేలంలో ఏ మాటకి ఏ అర్థమో ఒక పద్ధతి పెట్టుకుని, నియమాలు ఒప్పుకునే సంకేతాలు మాట్లాడుకుని, వందల చేతులు కలిసి ఆడితేగానీ జోడీ కుదరదు. జోడీ కుదిరాక ఒకరికి అమెరికాలో కొడుకు దగ్గరకి వెళ్లాల్సి వస్తుంది, అంతే, మళ్లీ మొదటి నుంచి. ట్రయల్స్‌కి రైలు ఛార్జీలు, లాడ్జి, ఎంట్రీ ఫీజు చేతి నుంచే. విదేశాల్లో డబ్బున్న స్పాన్సర్ మంచి ఆటగాళ్లకి జీతమిచ్చి తన జట్టులో తానూ ఆడతాడు. అదే అక్కడ ప్రొఫెషనల్స్‌కి ప్రధాన ఆదాయం. స్పాన్సర్‌కి ఆసక్తి పోయిననాడు ఆటగాడి ఉద్యోగమూ పోయినట్టే.

ఇంకొకటి, అనుమానం. 2015లో ఇజ్రాయెల్ జోడీ ఫిషర్, ష్వార్ట్జ్ బోర్డును టేబుల్ మీద ఏ చోట పెట్టాలో ముందే మాట్లాడుకుని దొంగ సంకేతాలు పంపుకున్నారని బయటపడింది. నార్వే ఆటగాడు బోయే బ్రోగెలాండ్ తన పేరు, సంపాదన రెండూ పణంగా పెట్టి దాన్ని బయటపెట్టాడు. అప్పటి నుంచి నిజాయితీగా ఆడేవాడి కదలికను కూడా వీడియోలో వెనక్కి తిప్పి చూస్తున్నారు. డోపింగ్ పరీక్షలు కూడా ఉన్నాయి. ప్రపంచ స్థాయి ఆటగాడు గైర్ హెల్గెమో మీద 2019లో సస్పెన్షన్ పడింది అందుకే.

రివర్_కార్డ్ (శ్రీకాకుళం)

నేను పోకర్ వైపు. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర పుట్టి పెరిగాను, ఆట కోసం బెంగళూరులో గది తీసుకుని ఉన్నాను. ఎందుకంటే 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టానికి సవరణ తెచ్చి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ ఆపేసింది. నడిపేవాళ్లకే కాదు, ఆడేవాళ్లకి కూడా ఆరు నెలల దాకా జైలు. తెలంగాణ 2017లోనే ఆపింది. దాంతో ఏపీ ఆటగాళ్లు చాలామంది సంచి సర్దుకుని రాష్ట్రం దాటారు. పండక్కి ఇంటికి వస్తే యాప్ తెరుచుకునేది కాదు. అమ్మ దగ్గర నాలుగు రోజులు ఎక్కువ ఉందామన్నా ఆదాయం ఆగిపోయేది.

తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధం. ఆడేవాడికి ఈ చట్టంలో శిక్ష లేదు, నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. పెద్ద కంపెనీలు వారంలోపే డబ్బు ఆటలు ఆపేశాయి. ఆ వారం మా గ్రూపులో ఎవరికీ నిద్ర లేదు. ఎవరి రెజ్యూమేలో చూసినా ఐదారేళ్లు ఖాళీ. ఇంటర్వ్యూలో ఇన్నాళ్లూ ఏం చేశావని అడిగితే చెప్పలేరు, చెప్తే ఉద్యోగం ఇవ్వరు.

స్టేకింగ్ గురించి కూడా తెలుసుకో. మనకి పెట్టుబడి లేకపోతే ఒకాయన మన ఎంట్రీలన్నీ కడతాడు, లాభంలో సగం తీసుకుంటాడు. నష్టం వస్తే అది మేకప్ కింద మన ఖాతాలో పేరుకుంటుంది. ఆ మేకప్ తీరేదాకా గెలిచిందంతా ఆయనకే. నెలల తరబడి బాగా ఆడుతూ కూడా చేతికి రూపాయి రాని కుర్రాళ్లని చూశాను. పెద్ద టోర్నమెంట్లలో ఎంత మంచి ఆటగాడైనా ఎక్కువసార్లు ఖాళీ చేతులతోనే లేస్తాడు. ఆ అప్పు తలమీద పెట్టుకుని ప్రశాంతంగా నిర్ణయాలు తీసుకోవడం ఎంత కష్టమో! 2018లో నికితా లూథర్ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో విజేతకి ఇచ్చే బ్రేస్‌లెట్ గెలిచిందని అందరూ చెప్తారు. ఆ స్థాయికి రానివాళ్ల లెక్క ఎవరూ రాయరు.

వంశధార (ఆమదాలవలస)

ఇక్కడ రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మా తమ్ముడు ఫోన్‌లో రమ్మీ ఆడి లోన్ యాప్‌ల్లో ఇరుక్కున్నాడు. వాళ్లు మా కాంటాక్టులందరికీ ఫోన్లు చేశారు. మా అమ్మ మంగళసూత్రం గొలుసు బ్యాంకులో తాకట్టు పెట్టి వాణ్ణి ఆ అప్పుల్లోంచి బయటపడేశాం. రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు చెప్పిందని వాడు వాదించేవాడు. ఏ తీర్పు అయితే మాకేంటి? మీరు ప్రొఫెషనల్స్ కష్టాలు చెప్తున్నారు, అవి నిజమే కావచ్చు. కానీ మీకు వచ్చిన డబ్బు ఎవరిది? మా తమ్ముడిలాంటివాళ్లది కాదా?

రివర్_కార్డ్

అక్కా, మీరు అన్నది నిజం. పోకర్‌లో, రమ్మీలో ప్రొఫెషనల్ ఆదాయం అంటే ఎక్కువగా ఆడటం తెలియకుండా ఓడిపోయేవాళ్ల డబ్బే. కంపెనీ కమిషన్ పోగా మిగిలింది మాకు. బాగా ఆడేవాళ్లే మిగిలితే ఎవరికీ ఆదాయం ఉండదు. అందుకే కంపెనీలు అన్ని ప్రకటనలు ఇచ్చాయి, బోనస్‌లు పెట్టాయి. చాలామంది ఆటగాళ్లు ఈ మాట మాట్లాడటానికి ఇష్టపడరు. మాట్లాడాలి. మీ అమ్మగారి గొలుసు విడిపించుకున్నారా?

వంశధార

లేదు బాబూ, ఇంకా వాయిదాలు కడుతున్నాం.

కళావరు_ఆసు

అమ్మా, మీ మాటతో ఈ చర్చకి అసలు విషయం దొరికింది. ఆ తీర్పు గురించి కూడా సరిగ్గా తెలుసుకోవడం మంచిది. 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ సత్యనారాయణ కేసు, సికింద్రాబాద్‌లో ఒక క్లబ్ మీద పోలీసుల దాడి నుంచి వచ్చింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యమే ఎక్కువ అన్నారు. మూడు ముక్కలాటకి ఆ రక్షణ ఇవ్వలేదు. ఆట మీద దాన్ని నడిపే క్లబ్‌వాళ్లు లాభం చేసుకుంటుంటే అది వేరే సంగతి అని కూడా అదే తీర్పులో ఉంది. నలుగురు టేబుల్ చుట్టూ కూర్చునే క్లబ్ గురించి చెప్పిన మాట అది. అర్ధరాత్రి ఒంటరిగా ఫోన్ పట్టుకున్న కుర్రాడికి దాన్ని చూపించి యాప్‌లు నమ్మించాయి.

సిరిమాను, ఏ పోటీ ఆటలోకి దిగినా ముందు ఇది అడుగు: బహుమతి డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది? మా బ్రిడ్జ్‌లో స్పాన్సర్ జేబు. పోకర్‌లో ఓడినవాడి జేబు. మీ మ్యాజిక్‌లో ఎవరిది?

సిరిమాను23

మాస్టారూ, మ్యాజిక్‌లో కంపెనీదే. హాస్‌బ్రో కింద ఉన్న విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్. కార్డులు అమ్ముడవడానికి పోటీలు పెడతారు. ఎవరిల్లూ గుల్ల కాదు కదా అని నేను అటువైపు ధైర్యంగా ఉన్నాను. అక్కా, మీ గురించి చదివాక ఇంట్లో నాన్నగారి భయం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది.

జీడితోట

కంపెనీ జేబు అయితే కంపెనీ ఇష్టం కూడా. మ్యాజిక్ చరిత్ర నువ్వే చదివి ఉంటావు, అయినా ఇక్కడ రాస్తాను, మిగతావాళ్లకి తెలియాలి.

2016 ఏప్రిల్‌లో అగ్రశ్రేణి అయిన ప్లాటినం స్థాయి ఆటగాళ్లకి ప్రో టూర్ అనే పెద్ద పోటీకి వచ్చినందుకు ఇచ్చే 3,000 డాలర్లను ఒక్కసారిగా 250కి తగ్గిస్తామన్నారు. ఆ డబ్బు నమ్ముకుని ఏడాదంతా ఆడినవాళ్లు గోల చేస్తే కొద్దిరోజుల్లో వెనక్కి తీసుకున్నారు. 2018 డిసెంబరులో మ్యాజిక్ ప్రో లీగ్ అని ప్రకటించారు, 32 మందికి ఒక్కొక్కరికి 75,000 డాలర్ల కాంట్రాక్ట్. చదువులు, ఉద్యోగాలు వదిలి దాని వెంట పడ్డారు జనం. 2021 మేలో ఆ విధానమే ఎత్తేస్తున్నాం అన్నారు. 2020 ఫిబ్రవరిలో హోనొలులులో వరల్డ్ ఛాంపియన్ అయిన బ్రెజిల్ ఆటగాడు పావులో విటర్ దామో ద రోసాకి 3 లక్షల డాలర్లు వచ్చాయి. మరుసటి ప్రపంచ పోటీకి మొత్తం బహుమతి సొమ్మే రెండున్నర లక్షలు.

హార్త్‌స్టోన్‌లో 2019 అక్టోబరులో బ్లిట్జ్‌చుంగ్ అనే హాంకాంగ్ ఆటగాడు ఇంటర్వ్యూలో తన ఊరి ఉద్యమం గురించి ఒక నినాదం అన్నందుకు ఏడాది సస్పెండ్ చేసి, గెలిచిన డబ్బు కూడా ఇచ్చేది లేదన్నారు. ప్రపంచమంతా తిట్టాక ఆరు నెలలకి తగ్గించి డబ్బు ఇచ్చారు. ఉద్యోగికైనా లేబర్ కోర్టు ఉంటుంది. మనకి యూనియన్ లేదు, అప్పీలు లేదు, అకౌంట్ కూడా మన సొంతం కాదు.

వాల్వ్ కంపెనీ కార్డ్ గేమ్ ఆర్టిఫాక్ట్ 2018 నవంబరులో వచ్చింది, పది లక్షల డాలర్ల పోటీ అన్నారు, జరగలేదు. 2021లో ఆటనే వదిలేశారు. దాని మీద నెలల తరబడి ప్రాక్టీస్ చేసిన స్నేహితుడు ఒకడున్నాడు, ఆ నైపుణ్యం ఇప్పుడు ఎక్కడా పనికిరాదు. మాస్టారి బ్రిడ్జ్‌లో 52 ముక్కలు ఎవరి సొత్తూ కాదు. ఆ నిశ్చింత మాకు లేదు.

సిరిమాను23

కార్డుల బ్యాన్ గురించి నేను చెప్తాను. 2019 అక్టోబరు మొదట్లో ఓకో అనే కార్డు వచ్చింది, నవంబరు 18న స్టాండర్డ్‌లో, అంటే ఇటీవలి సెట్ల కార్డులతోనే ఆడే పద్ధతిలో, నిషేధించారు. దాని చుట్టూ డెక్ కట్టుకున్నవాడు ఖర్చు పెట్టిన డబ్బు, నేర్చుకున్న ఆట రెండూ వదిలేసుకోవాలి. పాత సెట్లు కాలం తీరి రొటేషన్‌లో పోవడం సరేసరి. దాదాపు రెండు నెలలకోసారి కొత్త సెట్, వందల కార్డులు. అందరికంటే ముందు వాటిని అర్థం చేసుకోవాలంటే అమెరికాలో, జపాన్‌లో పది పన్నెండు మంది కలిసి ఒకే ఇంట్లో ఉండి టెస్ట్ చేస్తారు. నాకు డిస్కార్డ్‌లో ఇద్దరు. ఇక వీసా టెన్షన్ ఒకటి. ప్రో టూర్లు 2023లో ఫిలడెల్ఫియా, మినియాపోలిస్, బార్సిలోనా, 2024లో చికాగో, సియాటిల్, ఆమ్‌స్టర్‌డామ్. క్వాలిఫై అయినా హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ ఆ తేదీకి ముందు దొరకాలి, కార్డులు ఆడటానికి వెళ్తున్నానంటే ఆఫీసర్ నమ్మాలి, ఆస్తి, ఉద్యోగం కాగితాలు లేని నాలాంటివాడికి స్టాంప్ వేయాలి.

పద్దుల_పుస్తకం (శ్రీకాకుళం)

ఆడిటర్ ఆఫీసులో పని చేస్తాను. పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు, అదే అన్నిటికంటే గట్టి దెబ్బ.

లాటరీ, గుర్రప్పందెం, పేకాట, ఇతర ఆటల గెలుపు, వీటన్నిటినీ ఆదాయపు పన్ను చట్టం ఒకే గాటన కట్టింది. నేరుగా 30 శాతం, సెస్సుతో కలిపి 31.2. మామూలు ఉద్యోగికి ఉండే బేసిక్ మినహాయింపు దీనికి వర్తించదు. ఖర్చులు తీసివేయడం కుదరదు. రైలు టికెట్, ఎంట్రీ ఫీజు, కోచింగ్, ల్యాప్‌టాప్, ఏదీ. ఆన్‌లైన్ కాకుండా ఎదురుగా కూర్చుని ఆడే ఒక పోటీలో లక్ష గెలిచి, ఆ ఏడాది మిగతా పోటీల్లో ఎంట్రీలకి లక్షన్నర పోగొట్టుకున్నవాడు కూడా గెలిచిన లక్ష మీద పన్ను కట్టాలి. దుకాణదారుకి నష్టాన్ని వచ్చే ఏడాదికి తీసుకెళ్లే వీలుంది, వీళ్లకి లేదు. 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ డబ్బు ఆటల డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ కూడా పడింది. చట్టం ప్రకారం పన్ను కట్టి, రిటర్న్ వేసి, నిజాయితీగా బతికినవాడికి బ్యాంకులో హోమ్ లోన్ మాత్రం రాదు. ఆదాయం ఎక్కడి నుంచి అన్న గడిలో వాళ్లకి నచ్చే మాట లేదు.

నా అభిప్రాయం: ఏడాది మొత్తం గెలుపు నుంచి ఎంట్రీ ఫీజులు తీసేసి మిగిలినదాని మీద పన్ను వేయడం న్యాయం. బ్రిడ్జ్ లాంటి గుర్తింపు ఉన్న ఆటకైనా అది ఇవ్వాలి.

కొండవెలగడ_బార్‌బెల్

పతకం తెచ్చే బ్రిడ్జ్ ఆటగాడికి కూడా ఇదేనా? దారుణం.

పద్దుల_పుస్తకం

ప్రభుత్వాలు ప్రత్యేకంగా ఇచ్చే పతక నజరానాలకి మినహాయింపు నోటిఫికేషన్లు వేరే ఉంటాయి. నేను చెప్పింది టోర్నమెంట్ గెలుపు డబ్బు గురించి.

మోడరేటర్

నిషేధిత యాప్‌ల లింకులు, వీపీఎన్ సలహాలు పెట్టిన రెండు పోస్టులు తొలగించాను. ఎవరైనా ఆన్‌లైన్ ఆట అప్పుల్లో ఉండి మనసు బాగోలేకపోతే 14416 టెలీమానస్‌కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

వంశధార

ధన్యవాదాలు. ఈ నంబరు తమ్ముడికి పంపాను.

సిరిమాను, నువ్వు ఆడేది వేరే ఆట అని ఇప్పుడు తెలిసింది. మీ నాన్నగారిని ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని ఒక గేమ్ చూపించు. డబ్బు ఎక్కడా పెట్టడం లేదని ఆయన కళ్లతో చూడాలి. మా ఇంట్లో అయితే అంతా దాచిపెట్టాకే తెలిసింది.

సిరిమాను23

చూపిస్తాను అక్కా. ఉద్యోగం గురించి కూడా నిర్ణయించుకున్నాను. విశాఖలో టెస్టింగ్ ఉద్యోగం ఒకటి ఆఫర్ ఉంది, చేరుతున్నాను. శని, ఆదివారాలు క్వాలిఫయర్లు ఆడతాను. ఆడిటర్ గారూ, ఒకవేళ డాలర్లలో బహుమతి వస్తే ఏం చేయాలి?

పద్దుల_పుస్తకం

అక్కడ పన్ను పట్టుకుంటే ఆ సర్టిఫికెట్ అడిగి తీసుకో. రిటర్న్‌తో పాటు విదేశీ పన్ను క్రెడిట్ ఫారం వేస్తే ఇక్కడ అంతమేర తగ్గుతుంది. బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ కాగితం, టోర్నమెంట్ ఈమెయిల్ రెండూ దాచు. ఉద్యోగం జీతం వచ్చే ఖాతాలో ఇది కలపకు, వేరే ఖాతా తెరువు.

కళావరు_ఆసు

మంచి నిర్ణయం బాబూ. విశాఖలో ఉంటావు కాబట్టి అడుగుతున్నాను, బ్రిడ్జ్ నేర్చుకుంటావా? నీలా ముక్కలు గుర్తుపెట్టుకునే కుర్రవాళ్లు మాకు చాలా అవసరం. విజయనగరం వచ్చిన ఆదివారం ఫోన్ చెయ్యి, వేలం నేను నేర్పుతాను.

జీడితోట

ముందు యూపీఎస్ కొను, రౌటర్‌కి విడిగా ఒకటి. రెండో సిమ్ వేరే కంపెనీది పెట్టుకో. శుక్రవారం రాత్రి పది తర్వాత నేను ఖాళీ, నీ డెక్‌లిస్ట్ పంపు, ఎదుటి డెక్ నేను ఆడతాను.